అలుగు పేరు మీద ఆరు గంట్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక మంచి అలవాటు ఉండేది.

ఎవరికైనా కొత్త సంగతి ఒకటి తెలిసిందనుకోండి. దాన్ని దాచుకోకూడదు. పున్నమి రోజు పొద్దున్నే అందరూ పెద్దబండ దగ్గర చేరేవారు. తెలిసినవాళ్ళు బండ ఎక్కి ఆ సంగతి చెప్పాలి. విన్నవాళ్ళు దాన్ని వాడుకోవచ్చు. కాకపోతే వాడుకునే ముందు, కనిపెట్టినవాళ్ళ పేరు పైకి అనాలి. "కుందేలు చెప్పినట్టు ఈ ఆకు నములుతున్నాను" అని, అప్పుడు నమలాలి. ఇంకొకరి కష్టాన్ని మనం వాడుకుంటున్నాం కదా, ఆ మాత్రం మర్యాద ఉండాలని పెట్టుకున్నారు.

కొన్నాళ్ళకి ఆ మర్యాదకి ఒక లెక్క వచ్చి చేరింది.

ఎలాగంటే, ఆ అడవిలో ఊటగుహ అని ఒకటి ఉంది. లోపల చల్లగా ఉంటుంది. బండ సందులోంచి నీళ్ళు ఊరుతూ ఉంటాయి. మండువేసవిలో కూడా ఆగవు. ఏదైనా కనిపెట్టాలని కూర్చునేవాళ్ళకి ఏడాదికి ఒకరికి ఆ గుహ ఇచ్చేవారు. ఎవరికి ఇవ్వాలో చెప్పేది పెద్దదున్న. అడవిదున్నల మందకీ, ఆ అడవికీ కూడా అదే పెద్ద. మంచిదే గానీ, దానికి తీరిక తక్కువ.

"ఒకరు వేర్ల సంగతి అంటారు. ఒకరు గాలి సంగతి అంటారు. నాకివన్నీ ఏం తెలుస్తాయి? ఎవరి పేరు ఎక్కువసార్లు వినిపిస్తోందో అది చెప్పండి చాలు. వాళ్ళకే గుహ ఇచ్చేస్తాను" అంది పెద్దదున్న.

ఆ లెక్కపని వడ్రంగి పిట్టకి అప్పగించారు. అడవి నడుమ ఎండిపోయిన మద్దిమాను ఒకటుంది. దాని మీద ఒక్కొక్కరికి ఒక్కొక్క వరస. అడవిలో ఎక్కడ ఎవరి పేరు వినిపించినా, పిట్ట ఎగిరొచ్చి ఆ వరసలో టక్కుమని ఒక గంటు పెట్టేది. వడ్రంగి పిట్ట చాలా నిక్కచ్చి. మొహమాటం లేదు. సొంత చెల్లెలికి కూడా ఒక గంటు ఎక్కువ పెట్టేది కాదు.

ఇప్పుడు మన అలుగు దగ్గరికి వద్దాం.

అలుగు అంటే ఒళ్ళంతా పెంకులుండే జంతువు. చీమలూ చెదలూ తిని బతుకుతుంది. ఎవరైనా గట్టిగా పిలిస్తే చాలు, బంతిలా చుట్టుకుపోతుంది. ఈ అలుగుకి ఒక ధ్యాస ఉండేది. అందరి తలల్లోనూ మెదడు ఉంటుంది కదా, ఆ మెదడులో ఏ పక్కన ఏ పని జరుగుతుంది? ఇదే దాని ధ్యాస.

తల కోసి చూడలేం కదా. అందుకని అలుగు ఏం చేసేదంటే, తలకి దెబ్బ తగిలినవాళ్ళని దగ్గరుండి చూసేది. ఎవరికి ఏ పక్క దెబ్బ తగిలింది, దాంతో వాళ్ళకి ఏం పోయింది, ఏం మిగిలింది. రోజూ చూసేది. ఏళ్ళ తరబడి చూసింది.

ఆ చూడడంలో దానికి చెంగలి దొరికింది.

చెంగలి ఒక కణుజు. కణుజు అంటే పెద్దజాతి జింక. ఒకనాడు గాలివానకి కొమ్మ విరిగి చెంగలి తల మీద పడింది, ఎడమ పక్కన. లేచి నిలబడింది. నడిచింది. కానీ మాట రాలేదు. కణుజుల మందలో ఒక పద్ధతి ఉంది. దెబ్బ తగిలినవాళ్ళని మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. పలికితే మందలో ఉంటారు. పలకకపోతే మతి పోయినట్టే. వదిలేసి వెళ్ళిపోతారు. మతిలేనివాళ్ళ వల్ల మందంతా పులికి దొరుకుతుందని వాళ్ళ భయం.

"చెంగలీ!" అని పిలిచాయి.

చెంగలి నోరు తెరిచింది. "ఆకు" అంది.

"చెంగలీ!" అని రెండోసారి పిలిచాయి.

"ఆకు, ఆకు."

మూడోసారి పిలిచినా అంతే. ఏం చెప్పబోయినా దాని నోట్లోంచి ఆ ఒక్క మాటే వచ్చింది. మంద వెళ్ళిపోయింది. చెంగలి వెనకాల నడిచింది. అవి తరిమాయి.

అలుగు చెంగలిని తన దగ్గరికి తెచ్చుకుంది. ఆ ఏడు ఊటగుహ అలుగు చేతిలోనే ఉంది, ఎవరూ అడక్కపోతే ఇచ్చారు. చెంగలి ముందు ఒక ఉసిరికాయా, ఒక రేగుపండూ పెట్టింది అలుగు.

"చెంగలీ, ఉసిరికాయ ఏదమ్మా?"

చెంగలి ఉసిరికాయ మీద గిట్ట పెట్టింది.

"ఎండాకాలం పండేది ఉసిరికాయేనా? అయితే చెవి ఊపు."

చెంగలి ఊపలేదు.

"నీ పిల్ల ఆడదా, మగదా? ఆడదైతే గిట్ట ఎత్తు."

చెంగలి గిట్ట ఎత్తింది. చాలాసేపు ఎత్తే ఉంచింది.

అలుగు ఇలా ఒక్కదాన్ని చూసి ఊరుకోలేదు. తర్వాత ఒక ముసలి అడవిపంది వచ్చింది. ఆ తర్వాత ఒక ఆడనెమలి వచ్చింది. అంతకుముందు చూసినవాళ్ళందరినీ కలుపుకుంది. తలకి ఎడమ పక్క దెబ్బ తగిలినవాళ్ళు తొమ్మిది మంది. అందులో ఏడుగురికి మాట పోయింది. కుడి పక్క తగిలినవాళ్ళు అయిదుగురు. వాళ్ళలో ఒక్కరికీ మాట పోలేదు. మాట పోయిన ఏడుగురిలో ఒక్కరికి కూడా మతి పోలేదు.

పున్నమి రోజు అలుగు బండ ఎక్కింది. తల ఎత్తకుండానే చెప్పింది.

"మాట వేరు, మతి వేరు. మాట పోయినవాళ్ళకి మతి పోయిందనుకోకండి. పిలిస్తే పలక్కపోయినా వదిలేయకండి."

చెప్పి దిగిపోయింది. అంతే. ఏడాదంతా కలిపి అది బండ మీద చెప్పింది ఆ ఒక్క సంగతే.

అదే అడవిలో ఒక కొండముచ్చు ఉండేది. అది కూడా తలల సంగతే చెప్పేది. దాని సంగతి ఏమిటంటే, తల ఊపితే మెదడు కదులుతుంది, కదిలితే తెలివి పెరుగుతుంది అని. ఎవరి తలా చూసి చెప్పింది కాదు. ఒకసారి కొమ్మ మీద కూర్చుని ఊగుతుంటే హాయిగా అనిపించింది, అందుకని చెప్పింది. ఒక పున్నమికి "పొద్దున తల ఊపండి" అంది. ఇంకో పున్నమికి "మధ్యాహ్నం ఊపండి" అంది. ఇంకో పున్నమికి "తిన్నాక ఊపండి" అంది. పున్నమికి రెండు మూడు చొప్పున ఏడాదిలో బండ మీద ముప్ఫై ఒక్క సంగతులు చెప్పింది.

దానికి నలభై మంది చుట్టాలు. అందరూ ఒకటే చెట్టు మీద. ఒకటి కొమ్మ మారేటప్పుడు "మా పెదనాన్న కొండముచ్చు చెప్పినట్టు" అని దూకేది. టక్. ఇంకొకటి కాయ కోసేటప్పుడు "మా పెదనాన్న కొండముచ్చు చెప్పినట్టు" అని కోసేది. టక్. కాయ కోయడానికీ తల ఊపడానికీ ఏం సంబంధం అని ఎవరూ అడగలేదు.

ఒకనాడు కుందేలు మద్దిమాను కిందకి తూలుతూ వచ్చింది.

"ఆ కొండముచ్చు నోరు పడిపోను! దాని మాట విని తల ఊపానమ్మా. కళ్ళు తిరిగి ముళ్ళకంపలో పడ్డాను. చూడు ఈ మూతి!"

పైన టక్కుమంది.

కుందేలు తల ఎత్తింది. "పిట్టమ్మా, ఎవరికి పెట్టావు ఆ గంటు?"

"కొండముచ్చుకి."

"అదేంటి? నేను తిట్టాను కదా!"

"పేరు అన్నావా లేదా?"

"అన్నాను. తిడుతూ అన్నాను."

"పేరు లెక్కపెట్టడం నా పని. ఎందుకన్నారో అడగడం నా పని కాదు" అంది వడ్రంగి పిట్ట.

"అయితే కొండముచ్చుని నేను ఎంత తిడితే అంత గొప్పదైపోతుందా?"

"అది నాకు తెలియదు. తప్పుకో, చెక్కపొట్టు నీ మీద పడుతుంది."

కోపం పట్టలేక కుందేలు ఇంకో నాలుగుసార్లు తిట్టింది. పిట్ట ఇంకో నాలుగు గంట్లు పెట్టింది.

మోదుగపూలు రాలిపోయాయి. ఎండలు ముదిరాయి. లెక్క చూసే రోజు వచ్చింది. అందరూ మద్దిమాను చుట్టూ చేరారు. పెద్దదున్న వచ్చి నిలబడింది.

"చదవమ్మా" అంది.

"కొండముచ్చు. బండ మీద చెప్పిన సంగతులు ముప్ఫై ఒకటి. గంట్లు నాలుగు వందల పన్నెండు" అంది పిట్ట. "ఈ మాను చాలలేదు. వెనకవైపు కూడా వాడాను."

నలభై కొండముచ్చులూ కేకలేశాయి.

"అలుగు. సంగతి ఒకటి. గంట్లు ఆరు."

"ఆరా?" అంది పెద్దదున్న. "ఏడాదంతా ఆ చల్లటి గుహలో కూర్చుని ఒక్క సంగతా, ఆరు గంట్లా?"

అలుగు అప్పటికే సగం చుట్టుకుపోయింది. లోపల్నుంచి గొంతు వినిపించింది.

"ఒక్కటే తేలిందండి. తేలకుండా ఎలా చెప్పను?"

"ఎవరికీ పనికి రానిది తేలితే ఏం, మునిగితే ఏం?" అంది కొండముచ్చు. అందరూ నవ్వారు.

పెద్దదున్న నవ్వలేదు. చెడ్డది కాదని చెప్పాను కదా. "చూడమ్మా అలుగూ, నాకు నీ మీద కోపం లేదు. కానీ నలుగురిలో న్యాయం అంటే లెక్క ప్రకారం పోవాలి. మూడు రోజుల్లో గుహ ఖాళీ చెయ్యి. కొండముచ్చుకి ఇచ్చేశాను" అంది.

"పెద్దయ్యా, లోపల ముగ్గురు ఉన్నారండి. ఈ ఎండల్లో బయట బతకలేరు. పైగా వాళ్ళని ఇంకా చూడాలి. పోయిన మాట తిరిగి వస్తుందా రాదా అన్నది ఇప్పుడిప్పుడే చూస్తున్నాను. ఈ ఒక్క వేసవి ఉండనివ్వండి."

"మరి వాళ్ళు నీ పేరు అనొచ్చు కదా? గుహలో పెట్టుకుని చూస్తున్నావు, రోజుకోసారి అన్నా ఎన్ని గంట్లయ్యేవి?" అని పెద్దదున్న వెళ్ళిపోయింది. దానికి ఇంకో చోట పంచాయితీ ఉంది.

ఆ మాట వడ్రంగి పిట్టకి పట్టుకుంది. నిజమే, గుహలో ముగ్గురున్నారు. తను ఎప్పుడూ ఆ గుహ వైపు వెళ్ళలేదు. అక్కడ అన్న పేర్లు తను వినలేదేమో. లెక్క తప్పిందేమో. తన లెక్క తప్పిందంటే పిట్టకి తిండి సయించదు. సాయంత్రానికల్లా గుహ ముందున్న కొమ్మ మీద వాలింది.

అప్పటికే కొండముచ్చు అక్కడుంది. అలుగుతో బేరం ఆడుతోంది.

"అలుగక్కా, నీకో దారి చెప్తాను. నువ్వు వచ్చే పున్నమికి బండ ఎక్కి, 'కొండముచ్చు చెప్పినట్టు తల ఊపితే పోయిన మాట వస్తుంది' అను. ఆ సంగతి మనిద్దరి పేరు మీదా ఉంటుంది. నా పేరు ముందు, నీది వెనక. మా వాళ్ళు నలభై మందీ రోజూ నీ పేరు కూడా అంటారు. గుహలో ఓ మూల నువ్వుండు. ఏమంటావు?"

"తల ఊపితే మాట వస్తుందని నువ్వు ఎవరిలో చూశావు?"

"చూడ్డం దేనికి? వినడానికి బాగుంది కదా."

"చెంగలి తల ఊపితే కింద పడిపోతుంది మావయ్యా. దెబ్బ తగిలిన తలని కదపకూడదు. నేను చూశాను."

"ఆరు గంట్ల దానివి, నీకెంత పట్టింపు!"

"నేను అనను" అంది అలుగు. గట్టిగా అనలేదు. కానీ ఈసారి చుట్టుకోకుండా అంది.

కొండముచ్చు తోక ఊపుకుంటూ పోయింది.

పిట్ట మూడు రోజులూ ఆ కొమ్మ మీదే ఉంది. మొదటి రోజు ముసలిపంది దగ్గర అలుగు కూర్చుని, దానికి తినిపించింది. పంది "ఊఁ" అంది. పేరు కాదు. రెండో రోజు ఆడనెమలికి రెక్క కింద పుండు నాకి శుభ్రం చేసింది. నెమలి కళ్ళు మూసుకుంది. పేరు లేదు. పిట్ట గంటు పెట్టడానికి ముక్కు సిద్ధం చేసుకుని ఎదురు చూసింది. మూడో రోజు ఉండబట్టలేక గుహలోకి దిగింది.

"చెంగలీ, నిన్ను ఇక్కడికి తెచ్చింది ఎవరు?" అని అడిగింది.

చెంగలి నడిచి వెళ్ళి అలుగు పక్కన నిలబడింది.

"అలా కాదు. పేరు అనాలి. పేరు అంటేనే గంటు."

చెంగలి నోరు తెరిచింది. మెడ నరాలు బిగిశాయి. "ఆకు" అంది. మళ్ళీ ప్రయత్నించింది. "ఆకు." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆకు, ఆకు."

పిట్టకి అప్పుడు తెలిసింది. అలుగు పని చేసిందంతా మాట పోయినవాళ్ళ కోసం. దాని పేరు ఎక్కువసార్లు అనాల్సినవాళ్ళు వాళ్ళే. వాళ్ళకి నోరు లేదు.

చెంగలి ఇక మాట్లాడ్డం మానేసి, గోడ వైపు తిరిగి, చిన్నగా రాగం తీసింది. కణుజులు పిల్లల్ని నీళ్ళకి తీసుకెళ్ళేటప్పుడు తీసే రాగం అది. రెండుసార్లు తీసింది. మూడోసారి ఆ రాగంలో, "నీళ్ళు" అంది.

అలుగు ఉలిక్కిపడింది. "విన్నావా పిట్టమ్మా? 'నీళ్ళు' అంది! ఆకు కాదు, నీళ్ళు! రాగంలో వస్తే మాట వస్తోంది!"

"అయితే మాట వచ్చేసినట్టేనా?"

"అప్పుడే చెప్పలేం. ఇది ఒక్కసారి. ఒక్కరు. పందికీ నెమలికీ కూడా వస్తుందేమో చూడాలి. రోజూ రాగం తీయించాలి. ఈ వేసవంతా చూస్తే తేలుతుంది."

పిట్ట రివ్వున పెద్దదున్న దగ్గరికి ఎగిరింది.

"పెద్దయ్యా, నా లెక్క తప్పలేదు. ఆరంటే ఆరే. కానీ ఆ లెక్క చూసి గుహ ఇవ్వకండి. మీరొకసారి వచ్చి లోపల కూర్చుని చూడండి."

"లెక్క తప్పలేదంటున్నావు. మళ్ళీ వద్దంటున్నావు. ఏమిటమ్మా నీ మాట?"

"ఎన్నిసార్లు పేరు వినిపించిందో చెప్పమన్నారు, చెప్పాను. ఎవరి పని మంచిదో నేను చెప్పలేదు. నన్ను అది అడగలేదు మీరు."

"అది కనుక్కోవాలంటే ఒక్కొక్కరి దగ్గరా పది రోజులు కూర్చోవాలి. నాకంత తీరిక ఎక్కడిది? నువ్వు గంట్లు పెట్టు. మిగతాది నాకొదిలెయ్."

పిట్ట వెనక్కి ఎగిరింది. మద్దిమాను దగ్గరికి వెళ్ళి మళ్ళీ గంట్లు పెట్టడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రమే నలభై కొండముచ్చులు గుహలోకి వచ్చిపడ్డాయి. ఆ గోలకి ఆడనెమలి బెదిరి ఎటో ఎగిరిపోయింది. ముసలిపంది నీళ్ళ కోసం వాగు వైపు వెళ్ళింది. వాగు ఎండిపోయి ఉంది. పంది తిరిగి రాలేదు. చెంగలి ఒక్కతీ మిగిలింది. అలుగు గోళ్ళు అరిగేదాకా ఒక గట్టు పక్కన గొయ్యి తవ్వి, ఆ నీడలో చెంగలిని పడుకోబెట్టింది. చెంగలి ప్రాణం నిలిచింది. ఆ వేసవికి దానికి రాగం తీసే ఓపిక మాత్రం లేకపోయింది.

వానలు పడ్డాయి. ఒకరోజు పొద్దున పెద్దదున్న తడిబండ మీద నడుస్తూ కాలు జారింది. తల బండకి కొట్టుకుంది, ఎడమ పక్కన.

మంద పరుగెత్తుకొచ్చింది. దున్న దానంతటదే లేచింది. "ఏమైంది అన్నయ్యా?" అంది దాని చెల్లెలు.

పెద్దదున్న నోరు తెరిచింది. "లెక్క" అంది.

"ఏం లెక్క?"

"లెక్క, లెక్క."

చెల్లెలు బెదిరిపోయింది. దున్నలకి కూడా కణుజుల పద్ధతే. మూడుసార్లు పేరు పెట్టి పిలిచారు. మూడుసార్లూ "లెక్క" అనే వచ్చింది. మంద ఒకరి మొహం ఒకరు చూసుకుంది. ఇంత పెద్దదాన్ని వదిలేయడమెలా? ఉంచుకోవడమెలా?

"తలల సంగతి ఎక్కువ తెలిసింది ఎవరికి?" అని అడిగింది చెల్లెలు.

"కొండముచ్చుకే. నాలుగు వందల పన్నెండు గంట్లు" అన్నారెవరో. కొండముచ్చుని పిలిపించారు.

కొండముచ్చు వచ్చి, దూరంగా కొమ్మ మీదే కూర్చుంది. "తల ఊపించండి" అంది. పెద్దదున్న ఊపనని వెనక్కి జరిగింది. అది వద్దంటోందని ఎవరికీ అర్థం కాలేదు. మతి లేక జరుగుతోందనుకున్నారు. నలుగురు కొమ్ములు పట్టి మూడుసార్లు ఊపారు. మూడోసారికి మోకాళ్ళు వంగి, దున్న బురదలో కూలబడింది.

"ఇదేమిటి మావయ్యా!" అని అరిచింది చెల్లెలు.

"నా మాట తప్పెలా అవుతుంది? నాలుగు వందల పన్నెండు గంట్లున్నాయి!"

"అందులో అయిదు నావి" అంది కుందేలు. "అన్నీ తిట్లే."

"నావి పదిహేను. నేనూ తిట్టాను" అంది ముంగిస.

"నేను లెక్కపెట్టలేదు గానీ, నేనూ తిట్టినదాన్నే" అంది ఉడుత. "మిగిలినవి వాళ్ళ నలభై మందివే అయ్యుంటాయి."

అందరూ పిట్ట వైపు చూశారు.

"నిజమే" అంది వడ్రంగి పిట్ట. "నేనే పెట్టాను." అని, ఇంక అక్కడ ఆగకుండా అలుగు కోసం వెళ్ళింది.

అలుగు వచ్చింది. అంతమందిని చూసి చుట్టుకుపోయింది. కాసేపటికి అదే విప్పుకుంది. దున్న తల ముట్టుకోలేదు. ముందు నేల మీద మెత్తగా గడ్డి వేయించింది. "తల కదపకండి. ఎవరూ అరవకండి" అంది. పెద్దదున్న ఊపిరి నెమ్మదించేదాకా ఆగింది. అప్పుడు అడిగింది.

"పెద్దయ్యా, ఇక్కడ ఉన్న దూడల్లో మీ చెల్లెలి దూడ ఏదండీ?"

పెద్దదున్న మూతి అటు తిప్పింది.

"ఇది వేసవి అయితే కాలు కదపండి."

కదపలేదు.

"ఈ కొండముచ్చు మాట మళ్ళీ వింటారా? వినేటట్టైతే కాలు కదపండి."

కాలు కదపలేదు సరికదా, బుస్సుమంది. మందలో ఎవరో కిసుక్కున నవ్వారు. చెల్లెలు ఏడుస్తూ నవ్వింది.

"మతి పోలేదమ్మా. అన్నీ తెలుస్తున్నాయి. మాట ఒక్కటే పోయింది. వదిలేయకండి" అంది అలుగు.

"వదలం. నువ్వు చెప్పావుగా" అంది చెల్లెలు. "మరి మాట ఎప్పుడొస్తుంది?"

"తెలియదమ్మా."

"తెలియకపోవడమేమిటి? నువ్వు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

"ఎవరికీ తెలియదు. మాట తిరిగొచ్చే దారి ఒకటి కనపడింది. పోయిన వేసవిలో చూడడం మొదలుపెట్టాను. ముగ్గురు ఉండేవాళ్ళు. పంది పోయింది. నెమలి ఎటుపోయిందో తెలియదు. చెంగలి ఒక్కసారి ఒక్క మాట అంది. ఒక్కసారి చూసి అందరికీ చెప్పలేను. ఆ వేసవంతా చూసి ఉంటే ఈపాటికి తెలిసేది. ఇప్పుడు మళ్ళీ మొదటినుంచి చూడాలి. ఎన్నాళ్ళు పడుతుందో."

అలుగు దెప్పుతూ అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పెద్దదున్న వింది. ప్రతి మాటా దానికి అర్థమైంది. 

చెల్లెలు కొండముచ్చు వైపు తిరిగి, "గుహ ఖాళీ చెయ్యండి" అంది. దున్నల మందంతా ఎదురుగా నిలబడితే, కొండముచ్చు కొమ్మ దిగి పరుగెత్తింది. ఆ పూటే నలభై కొండముచ్చులూ గుహ వదిలిపోయాయి.

"వచ్చే ఏడు గంట్లు ఎలా పెట్టమంటారు?" అని అడిగింది వడ్రంగి పిట్ట.

"మర్యాద కోసం పేర్లు అనుకుందాం. నువ్వు గంట్లూ పెట్టు. కానీ గుహ ఎవరికన్నది మాత్రం, వెళ్ళి, కూర్చుని, చూసి చెప్పాలి. ఈ ఏడు నేను వస్తాను చూడ్డానికి" అంది చెల్లెలు.

వాన తగ్గాక పెద్దదున్నని నెమ్మదిగా గుహ దగ్గరికి నడిపించారు. గుహ వాకిలి ఇరుకు. ఒకసారి ఒకరే పడతారు. ఆ అడవిలో ఎక్కడైనా ముందు పెద్దదున్న వెళ్ళాలి, తర్వాతే ఎవరైనా. అలుగు వెంట వచ్చిన చెంగలి అది తెలిసి పక్కకి ఒదిగి నిలబడింది. గట్టు కింద గొయ్యిలో ఉండి ఉండి దాని డొక్కలు లోపలికి పోయాయి.

పెద్దదున్న వాకిట్లోకి వచ్చి ఆగింది. చెంగలిని చూసింది. తర్వాత రెండడుగులు వెనక్కి వేసి, తల దించి, ఆ సన్నటి తుంపరలో నిలబడింది.

చెంగలి లోపలికి వెళ్ళేదాకా అది కదలలేదు.

నీతి: ఒకరి పేరు ఎన్నిసార్లు వినిపించిందో లెక్క చెబుతుంది, వాళ్ళ పని ఎంత విలువైనదో దగ్గరికి వెళ్ళి చూసినవాళ్ళకే తెలుస్తుంది.